కుక్కవామింటకి ఎన్ని ఇంటిపేర్లు? ఆవాల కుటుంబంలో పేర్ల చిక్కు

కార్తీకమాసంలో ఒక ఆదివారం మా మేనల్లుడితో కలిసి నెల్లిమర్ల దగ్గర చంపావతి గట్టు మీద తిరిగాను. వాడు విజయనగరంలో డిగ్రీ మొదటి సంవత్సరం, బోటనీ. హెర్బేరియం ఫైలుకి, అంటే ఎండబెట్టి షీట్ల మీద కుట్టిన మొక్కల ఫైలుకి, ఇరవై మొక్కలు కావాలి, గడువు దగ్గరపడింది, టెన్షన్‌లో ఉన్నాడు. గట్టు వాలులో మోకాలెత్తున ఒక మొక్క కనిపించింది. నాలుగు పసుపు రేకుల పువ్వులు, నిటారుగా నిలబడ్డ సన్నటి కాయలు, పట్టుకుంటే వేళ్లకి జిగురు. ఫోటో తీసి ఫోన్‌లో వెతికాడు. ఒక యాప్ 'వైల్డ్ మస్టర్డ్' అంది, దాని కిందే చిన్న అక్షరాల్లో 'క్లియోమి విస్కోసా' అంది. ఇంకో యాప్ 'అరివెలా విస్కోసా' అంది.

"ఏటి మావయ్యా, ఒకే పువ్వుకి మూడు పేర్లు చూపిస్తందేటి? ఏది రాయమంటావు?"

మేకలు తోలుకొస్తున్న ముసలమ్మ ఒకావిడ ఆగి చూసి, "అది కుక్కవామింట బాబూ" అని తన దారిన తాను పోయింది.

వాడి ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఆవాల కుటుంబం దగ్గర మొదలుపెట్టాలి. పేర్లు మారడం, జాతులు కలిసిపోవడం, ఒక ప్రజాతిలోంచి ఇంకో ప్రజాతిలోకి మొక్కలు వలస పోవడం ఈ కుటుంబంలోనూ దాని చుట్టాల్లోనూ చాలా ఎక్కువ.

ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత

శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. తెలుగువాళ్లకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం, సొంత పేరు తరవాత. 'బ్రాసికా జంసియా' అంటే బ్రాసికా ఇంటివాళ్ల జంసియా. మన పోపుల డబ్బాలో ఉండే ఆవాలు ఎక్కువగా ఇవే.

ఈ పద్ధతిని మొక్కలన్నిటికీ వరసగా వర్తింపజేసినవాడు స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లినేయస్. 1753లో అచ్చయిన ఆయన గ్రంథమే మొక్కల పేర్లకి లెక్క మొదలు. అంతకు ముందున్న పేర్లు చెల్లవు. ఆ తరవాత ఒకే మొక్కకి రెండు పేర్లు పడితే, మామూలుగా ముందు పడిన పేరే నిలుస్తుంది.

లినేయస్ మన ఆవ మొక్కకి పెట్టిన పేరు బ్రాసికా జంసియా కాదు, 'సినాపిస్ జంసియా'. 1859లో ఖార్కివ్‌కి చెందిన చెర్నయేవ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇది సినాపిస్ ఇంటిది కాదు, బ్రాసికా ఇంటిది అని తేల్చాడు. దత్తత వెళ్లిన పిల్లవాడి ఇంటిపేరు మారినట్టు ముందు మాట మారింది, 'జంసియా' మారలేదు. పూర్తి పేరు రాసేటప్పుడు చివర లినేయస్ పేరు బ్రాకెట్లో, చెర్నయేవ్ పేరు బ్రాకెట్ బయట వేస్తారు. బ్రాకెట్లో ఉన్నవాడు పుట్టినప్పుడు పేరు పెట్టినవాడు, బయట ఉన్నవాడు దత్తత చేయించినవాడు. బ్రాకెట్ కనిపించిందంటే ఆ మొక్క ఒకసారి ఇల్లు మారిందన్నమాటే.

ఒక చిన్న మెలిక. ఇల్లు మారినప్పుడు సొంత పేరు చివర కూడా కొంచెం మారొచ్చు. లాటిన్‌లో ప్రజాతి పేర్లకి లింగం ఉంటుంది, జాతి పేరు దానితో పొత్తు కుదరాలి. 'కొరొనోపస్ డిడిమస్' అనే కలుపు మొక్కని లెపిడియం ప్రజాతిలో కలిపినప్పుడు అది 'లెపిడియం డిడిమమ్' అయింది. పేరు మార్చారని కంగారుపడక్కర్లేదు, మనం చిన్నవాడు, చిన్నది అన్నట్టే.

నాలుగు రేకులున్నవన్నీ ఆవాలు కావు

ఆవాల కుటుంబానికి చట్టబద్ధంగా రెండు పేర్లున్నాయి, బ్రాసికేసి అన్నా క్రూసిఫెరే అన్నా ఒకటే. రెండోది పాత పేరు, శిలువని మోసేది అని అర్థం. నాలుగు రేకులు శిలువ ఆకారంలో విచ్చుకుంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. దాదాపు 4,000 జాతులున్న పెద్ద కుటుంబం. ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ అన్నీ ఇందులోవే. అయితే వీటి సొంత నేల చల్లటి, సమశీతోష్ణ ప్రాంతాలు. మన కోస్తా ఎండలకి అడవిలో తమంతట తాము పెరిగేవి తక్కువ. అందుకే ఇక్కడ గట్ల మీద కనిపించే పసుపు పువ్వుని చూసి ఆవ మొక్క అనుకుంటే చాలాసార్లు పొరబడతాం.

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లే దారిలో చలికాలం మొదట్లో కొండవాలు నిండా పసుపు పరుచుకుంటుంది. 'ఆవ తోటలో' అని ఫోటో పెట్టేవాళ్లు ఏటా ఉంటారు. అవి వలిసెలు. నూనెగింజలే గానీ పొద్దుతిరుగుడు కుటుంబం. ఒక పువ్వు కోసి చూస్తే తెలిసిపోతుంది. చుట్టూ ఎనిమిదో తొమ్మిదో రేకులు, మధ్యలో చిన్న చిన్న పువ్వుల గుత్తి.

బ్రహ్మదండితో పొరపాటు ఇంత సరదాగా ఉండదు. బలురక్కసి అని కూడా అంటారు. పసుపు పువ్వు, ముళ్ల ఆకులు, తుంచితే పసుపు పాలు. నల్లమందు మొక్క కుటుంబానికి చెందినది. దీని గింజలు చూడటానికి ఆవాల్లాగే ఉంటాయి. ఆవనూనెలో దీని నూనె కలిస్తే కాళ్లు వాచి గుండె దెబ్బతినే జబ్బు వస్తుంది. 1998లో ఢిల్లీలో ఇలాగే అరవై మందికి పైగా చనిపోయారు. గింజని చూసి గుర్తుపట్టడం ఎంత కష్టమో, ఎంత అవసరమో ఆ ఘటన చెబుతుంది.

మరి అసలైన ఆవాల కుటుంబపు పువ్వుని ఎలా పోల్చుకోవాలి? రేకులు కాదు, కేసరాలు, అంటే పుప్పొడి మోసే మగ భాగాలు లెక్కపెట్టాలి. ఆరుంటాయి. వాటిలో నాలుగు పొడుగు, రెండు పొట్టి. లినేయస్ ఈ గుర్తు మీదే వీటిని ఒక తరగతిగా కట్టి, 'నాలుగింటికి బలం' అనే అర్థం వచ్చే గ్రీకు మాట పేరుగా పెట్టాడు. రెండో గుర్తు కాయ. ఎండిన కాయ రెండు పెంకులుగా ఊడిపోతే మధ్యలో చట్రం, దానికి బిగించిన పల్చటి పొర మిగులుతాయి.

చంపావతి గట్టు మీది మొక్కకి ఈ పరీక్ష పెట్టాం. కేసరాలు పదహారు లెక్కకొచ్చాయి. రేకులు నాలుగూ శిలువలా కాక ఒకే వైపుకి లేచి ఉన్నాయి. కాయ చీలిస్తే చట్రం ఉంది, మధ్య పొర లేదు. ఆవ ఆకులా ఒకే రెక్కతో కాకుండా, ఆకు మూడు నుంచి ఐదు చిట్టి ఆకులుగా వేళ్లు చాపినట్టుంది. ఆవాల కుటుంబం కాదు. 'వైల్డ్ మస్టర్డ్' అక్కడే కొట్టేశాం.

ఘాటు చెప్పే చుట్టరికం

అలాగని ఆ ఇంగ్లిషు పేరు పూర్తిగా గాలిలోంచి ఊడిపడలేదు. కుక్కవామింట ఆకు నలిపితే ఘాటు వాసన వస్తుంది. ఆ ఘాటు ఆవాల ఘాటుకి చుట్టమే.

ఆవగింజని ఊరికే వాసన చూస్తే ఏమీ ఉండదు. గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఒక చోట, వాటిని విరగ్గొట్టే ఎంజైము ఇంకో చోట విడివిడిగా దాచి ఉంటాయి. నీళ్లు పోసి నూరితే రెండూ కలిసి ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూరలో ఆవ ముద్ద దింపాక కలపడం, పోపులో చిటపటలాడిన గింజకి ఆ ఘాటు లేకపోవడం, రెండింటికీ కారణం ఇదే. వేడికి ఎంజైము చచ్చిపోతుంది. ఎప్పుడు కలపాలో మన వంటింట్లో ఆడవాళ్లకి రసాయనశాస్త్రం కంటే చాలా ముందే తెలుసు.

ఈ ఘాటు పదార్థాలు ఆవాల కుటుంబం దాటి దాని చుట్టాలందరిలోనూ ఉన్నాయి. మునగ వేరు నమిలితే ఆవ ఘాటు తగులుతుంది, బొప్పాయి గింజ కొరికినా అంతే. మునగ, బొప్పాయి, వామింట, ఆవాలు వేరు వేరు కుటుంబాలు. వీటన్నిటినీ కలిపి ఒకే క్రమం కింద చేర్చారు. కుటుంబం ఇల్లయితే క్రమం వంశం.

ఉన్నచోటే ఉండి కుటుంబం మారిన మొక్క

కుక్కవామింట చరిత్ర చూస్తే పేర్ల చిక్కు మొత్తం ఒక్క మొక్కలో కనిపిస్తుంది.

1753లో లినేయస్ దీనికి 'క్లియోమి విస్కోసా' అని పేరు పెట్టాడు. విస్కోసా అంటే జిగురుగా ఉండేది. అదే గ్రంథంలో 'క్లియోమి ఐకోసాండ్రా' అని ఇంకో జాతిని కూడా వర్ణించాడు. ఐకోసాండ్రా అంటే ఇరవై మంది మగవాళ్లు, అంటే ఇరవై కేసరాలు. తరవాతివాళ్లు పరిశీలిస్తే రెండూ ఒకే మొక్క. అంతటివాడే ఒకే మొక్కకి రెండుసార్లు నామకరణం చేశాడు. కేసరాల లెక్క పువ్వు పువ్వుకీ మారే మొక్క కాబట్టి నాకు ఆయన మీద జాలే గానీ తప్పుపట్టాలనిపించదు.

19వ శతాబ్దంలో కేసరాలు ఎక్కువగా ఉన్నాయని దీన్ని పొలానిసియా ప్రజాతిలో పెట్టారు. మన పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఆ పేరే కనిపిస్తుంది. తరవాత మళ్లీ క్లియోమి అయింది. 1838లో రఫినెస్క్ అనే ఆయన పెట్టిన 'అరివెలా' ప్రజాతిని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక దాన్ని మళ్లీ బయటికి తీశారు. ఆ మాటకి మూలం లాటిన్ కాదు, మలబారులో ఈ మొక్కని పిలిచే మలయాళం పేరు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు అచ్చువేసిన మలబారు మొక్కల గ్రంథంలో ఆ పేరు నమోదైంది.

ప్రజాతే కాదు, కుటుంబమూ మారింది. మా తరం చదువుకున్నప్పుడు క్లియోమి కప్పరిడేసిలో, అంటే కేపర్ మొక్కల కుటుంబంలో ఉండేది. 1998లో డీఎన్ఏ ఆధారంగా కొత్త వర్గీకరణ వచ్చినప్పుడు ఆ కుటుంబాన్ని మొత్తంగా ఆవాల కుటుంబంలో కలిపేశారు. ఆ లెక్కన కొన్నేళ్లపాటు కుక్కవామింట నిజంగానే ఆవాల కుటుంబపు మొక్క. ఇంకా లోతుగా చూస్తే క్లియోమి జాతులకి కేపర్ కంటే ఆవాలే దగ్గర అని తేలింది. 2009 వర్గీకరణ నాటికి మూడింటినీ మూడు ఇళ్లు చేశారు. కేపర్‌కి ఒకటి, వామింటకి క్లియోమేసి అని ఒకటి, ఆవాలకి ఒకటి. ఇన్ని జరిగినా గట్టు మీద మొక్కలో ఒక్క ఆకు కూడా మారలేదు.

పది, ఎనిమిది, తొమ్మిది

ఆవాల కుటుంబంలో ఇంత గందరగోళం ఎందుకు? ముఖ్య కారణం క్రోమోజోముల లెక్క. రెండు జాతులు కలిసి, రెండింటి క్రోమోజోములూ పూర్తిగా మోసే మూడో జాతి పుట్టడం ఈ కుటుంబంలో మామూలు.

1935లో వూ జాంగ్‌చూన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని ఒక త్రిభుజంగా చూపించాడు. జపాన్‌లో పుట్టి పెరిగిన కొరియా సంతతివాడు. మూల జాతులు మూడు. టర్నిప్ జాతి బ్రాసికా రాపా, ఒక్కో బీజకణంలో పది క్రోమోజోములు. నల్ల ఆవాల బ్రాసికా నైగ్రా, ఎనిమిది. క్యాబేజీ జాతి బ్రాసికా ఓలరేసియా, తొమ్మిది. రాపా పది, నైగ్రా ఎనిమిది కలిస్తే పద్దెనిమిది, అదే మన ఆవాల జంసియా. పది, తొమ్మిది కలిస్తే పంతొమ్మిది, నూనె కోసం పండించే కనోలా జాతి నేపస్. ఎనిమిది, తొమ్మిది కలిస్తే పదిహేడు, ఇథియోపియా ఆవాలు. వూ రాపా, ఓలరేసియాలని సంకరం చేసి నేపస్‌ని తన చేత్తో పుట్టించి చూపించాడు.

జన్యుమార్పిడి ఆవాల మీద గొడవ అర్థం కావడానికి కూడా ఈ త్రిభుజం పనికొస్తుంది. డీఎంహెచ్-11 రకం విడుదలకి 2022 అక్టోబరులో కేంద్ర కమిటీ సిఫారసు చేసింది, 2024 జులైలో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. పెట్టిన జన్యువు పక్క మొక్కల్లోకి పోతుందా అన్నది వాదనల్లో ఒకటి. డీఎంహెచ్-11 జంసియా రకం. దానికీ రాపాకీ ఒక క్రోమోజోముల సెట్టు ఉమ్మడి కాబట్టి ఆ రెండూ కలవడం తేలిక. ఆ ఉమ్మడి సెట్టు లేని క్యాబేజీతో కలవడం చాలా కష్టం. ఎవరికి ఎవరు చుట్టం అన్నది ఇక్కడ కోర్టు మెట్లదాకా వెళ్లిన ప్రశ్న.

రాపా పేరుకీ ఒక కథ ఉంది. లినేయస్ టర్నిప్ దుంపని 'బ్రాసికా రాపా' అన్నాడు, పొలాల్లో పెరిగే నూనెగింజని 'బ్రాసికా కాంపెస్ట్రిస్' అన్నాడు. రెండూ ఒకే జాతి అని తేలాక ఏ పేరు ఉంచాలి? ముందు పడిన పేరు అందామంటే రెండూ ఒకేసారి, ఒకే గ్రంథంలో పడ్డాయి. అలాంటప్పుడు వాటిని మొదట కలిపినవాడు ఎంచుకున్న పేరే చెల్లుతుంది. 1833లో మెట్జ్‌గర్ రాపా అన్నాడు కాబట్టి అదే నిలిచింది. మన దేశంలో కాంపెస్ట్రిస్ పేరు మాత్రం ఇంకా వాడుకలోంచి పోలేదు.

జాతికీ జాతికీ మధ్య గట్టు ఎక్కడ?

పండించే పంటల సంగతే ఇలా ఉంటే అడవి జాతుల సంగతి చెప్పక్కర్లేదు. రోరిప్పా ఇండికా, రోరిప్పా డూబియా అని రెండు చిన్న కలుపు మొక్కలున్నాయి. రెండూ తడి నేలల్లో పెరుగుతాయి, రెండూ ఆవాల కుటుంబమే. ఇండికాకి చిన్న పసుపు రేకులుంటాయి, డూబియాకి మామూలుగా రేకులే ఉండవు. తేడా సులువే అనిపిస్తుంది. కానీ ఇండికాలో కూడా అప్పుడప్పుడు రేకులు రావు. అందుకని కాయ విప్పి గింజల వరసలు చూడాలి. ఇండికాలో రెండు వరసలు, డూబియాలో ఒకటి. డూబియా అంటేనే సందేహం అని అర్థం. పేరు పెట్టినాయనకి కూడా అనుమానం ఉన్నట్టుంది.

స్విట్జర్లాండ్‌లో ఊర్నర్‌బోడెన్ అనే లోయలో కథ ఇంకో మెట్టు పైది. అక్కడ తడి చోట్ల కార్డమైన్ అమారా, పచ్చిక బయళ్లలో కార్డమైన్ రివులారిస్ పెరిగేవి. అడవి కొట్టి గడ్డి మైదానాలు చేశాక రెండూ పక్కపక్కకి వచ్చాయి. ఒక్కోదానికి పదహారు క్రోమోజోములు. సగం సగం ఇస్తే బిడ్డకి మళ్లీ పదహారే రావాలి. రివులారిస్ సగం చేయకుండా పదహారూ ఇచ్చేసింది, అమారా ఎనిమిది ఇచ్చింది. పుట్టినదానికి ఇరవై నాలుగు. ఇదంతా గత 150 ఏళ్లలో జరిగిందే. దానికి 'ఇన్స్యూటా' అని పేరు పెట్టారు. గింజలతో సరిగ్గా వంశం నిలబెట్టుకోలేదు, ముక్కలు వేళ్లూని విస్తరిస్తుంది. ఇది జాతా, రెండు జాతుల మధ్య పుట్టిన ఒక సంకరమేనా? పుస్తకాన్ని బట్టి జవాబు మారుతుంది.

కలిపేవాళ్ల మాట, విడదీసేవాళ్ల మాట

వర్గీకరణ చేసేవాళ్లలో ఎప్పటినుంచో రెండు ధోరణులున్నాయి. పోలికలు చూసి పెద్ద ఇల్లుగా ఉంచుదాం అనేవాళ్లు కొందరు, తేడాలు చూసి వేరు కాపరాలు పెట్టిద్దాం అనేవాళ్లు కొందరు.

విడదీసేవాళ్ల వాదనకి బలం ఉంది. ఒక ప్రజాతి పేరు ఒకే తాత సంతానాన్ని మొత్తంగా చెప్పాలి. పాత క్లియోమిలో దగ్గరి చుట్టాలు కానివి కూడా చేరిపోయాయి. అరివెలాని వేరుచేస్తే పేరూ వంశవృక్షమూ ఒకదానితో ఒకటి సరిపోతాయి. కలిపేవాళ్లకీ న్యాయం ఉంది. రైతులు, వైద్యులు, విత్తనాల అధికారులు పాత పేరుతో వందల కాగితాలు రాసుకున్నారు. పదేళ్లకోసారి పేరు మారిస్తే వాళ్ల పని పాడవుతుంది. పెద్ద క్లియోమిని అలాగే ఉంచి లోపల చిన్న విభాగాలు చేసుకుంటే సరిపోతుందంటారు.

పేరు ఒకసారి మారి, తిరిగి పాత చోటికే వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. నీటి ఒడ్డున పెరిగే వాటర్‌క్రెస్‌ని లినేయస్ సిసింబ్రియం అన్నాడు, తరవాత నస్టర్షియం అన్నారు, ఇరవయ్యో శతాబ్దంలో చాలామంది రోరిప్పాలో పెట్టారు. డీఎన్ఏ చూస్తే అది రోరిప్పా కంటే కార్డమైన్‌కి దగ్గర. మళ్లీ నస్టర్షియం అయింది. మధ్యకాలంలో రోరిప్పా అని రాసిన పాఠ్యపుస్తకాలది తప్పనలేం, అప్పటికి దొరికిన ఆధారాలు అవి.

నా మొగ్గు విడదీసేవాళ్ల వైపే. కానీ ఏ నర్సరీవాడితోనైనా అరగంట మాట్లాడితే రెండోవైపు న్యాయం కూడా కనిపిస్తుంది.

మన పేర్లు దేన్ని చెబుతాయి?

మేకలు తోలుకొచ్చిన ముసలమ్మ చెప్పిన పేరులో కూడా ఒక వర్గీకరణ ఉంది. వామింట అంటే ఆకుకూర, తెల్ల పువ్వులు, ఆరు కేసరాలు. దానికి కుక్క చేర్చితే ఆ పోలికే గానీ కూరకి పనికిరానిది అని. కుక్కతులసి కూడా అలాంటిదే. అసలు పేరు ఒకటి, విశేషణం ఒకటి, రెండు మాటలు. వామింట, కుక్కవామింట రెండూ ఇప్పుడు క్లియోమేసి కుటుంబంలోనే ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో ఇంగ్లిషు పేరు కంటే మన పేరే చుట్టరికాన్ని సరిగ్గా పట్టింది.

ప్రతిసారీ ఇలా కుదరదు. నాగజెముడు, ఆకుజెముడు పేర్లు వింటే అన్నదమ్ముల్లా ఉంటాయి, కుటుంబాలు మాత్రం వేరు. ఇక మన జిల్లాల్లో నారకోసం వేసే గోగు ఒకటనుకుంటాం, ఆ పేరు కింద రెండు జాతులున్నాయి. నార తీసేవాడికి రెండూ నారే. వాడుక పేరు ఉపయోగాన్ని చూస్తుంది, శాస్త్రీయ నామం పుట్టుకని చూస్తుంది.

ఫైల్లో చివరికి ఏం రాశాడు

మొక్కని పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టాం. షీటు మీద కుట్టాక కుడివైపు కింద లేబుల్ అంటించాడు. 'అరివెలా విస్కోసా', దాని కింద సమానార్థక నామంగా 'క్లియోమి విస్కోసా', కుటుంబం క్లియోమేసి, తెలుగు పేరు కుక్కవామింట. తేదీ, నెల్లిమర్ల, చంపావతి ఎడమ గట్టు, ఇసుక కలిసిన నేల, పువ్వు పసుపు, మొక్కంతా జిగురు. రంగు, జిగురు ఎండాక పోతాయి కాబట్టి అవి తప్పకుండా రాయమన్నాను.

పెద్ద హెర్బేరియాల్లో పాత షీట్లు చూస్తే ఒక్కోదాని మీద మూడు నాలుగు చీటీలుంటాయి. పేరు మారిందని తేల్చినవాడు పాత చీటీ పీకడు, పక్కన తన చీటీ, తేదీ వేసి అంటిస్తాడు. వీడు లేబుల్ పైన కూడా ఏదో బొమ్మ అంటించబోతే ఆపాను. అక్కడ నాలుగు వేళ్ల జాగా ఖాళీగా వదిలించాను.